దేవుళ్ల సమ్మె, రాజుల రుణమాఫీ

(సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి తరగతుల్లో పురాతన నాగరికతల పాఠం పెట్టామంటే కొందరు ముఖం చిట్లించారు. ధాన్యం డబ్బులు పడలేదు, ఎరువు దొరకలేదు, మధ్యలో నాలుగు వేల ఏళ్లనాటి బాబిలోనియా మనకెందుకు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ కాలపు చట్టాలు తెరిచి చూస్తే అడుగడుగునా కనిపించేది మన గొడవే. కాలువ గట్టు తెగితే నష్టం ఎవరు కట్టాలి, ముందే కౌలు కట్టిన పొలం మునిగితే ఎవరి పాపం, అప్పిచ్చినవాడు కళ్లం మీదికి వచ్చి గింజలు కొలుచుకుపోవచ్చా, ఎద్దును జప్తు చేయొచ్చా. ఇవన్నీ అక్కడ మట్టి పలకల మీద రాసి ఉన్నాయి. అందుకే ఈ పాఠం.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య దేశం అది. ఇప్పటి ఇరాక్. దక్షిణాన వాన దాదాపు లేదు, సేద్యమంతా కాలువల మీదే. మన గోదావరికీ కృష్ణకూ వరద నాట్ల కాలంలో వస్తుంది. వాళ్ల నదులకు కొండల్లో మంచు కరిగి ఎండాకాలం మొదట్లో, బార్లీ కోతకొచ్చే వేళకి పోటెత్తేది. కంకి పండి ఉండగా గట్టు తెగడమంటే ఏమిటో కోత ముందు తుఫాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాలువ తవ్వడం, పూడిక తీయడం, గట్టు ఎత్తడం అనే మూడు పనుల మీదే ఆ దేశం బతికింది. వాళ్ల పురాణం కూడా అక్కడే మొదలవుతుంది.

ఆ పురాణాన్ని అత్రహాసిస్ కథ అంటారు. మనుషులు పుట్టకముందు కాలువలు తవ్వింది దేవుళ్లేనట. దేవుళ్లలోనూ తరగతులున్నాయి. అనునాకి పెద్ద దేవుళ్లు, ఇగిగి చిన్న దేవుళ్లు. టైగ్రిస్‌నీ యూఫ్రటీస్‌నీ తవ్వింది, తట్టలు మోసింది చిన్నవాళ్లు. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ మోసి మోసి, ఒకరోజు పారలూ తట్టలూ కుప్పపోసి నిప్పు పెట్టారు. నడిరేయి వెళ్లి పెద్ద దేవుడు ఎన్లిల్ ఇంటిని చుట్టుముట్టారు. ఎన్లిల్ గడగడలాడి, మీ నాయకుడెవరో చెప్పమని మనిషిని పంపాడు. మేమందరమూ అని వాళ్లు జవాబిచ్చారు. నాయకుణ్ని పట్టుకుంటే సమ్మె పోతుందనే ఉపాయం ఎంత పాతదో చూడండి, దానికి విరుగుడూ అంతే పాతది.

అప్పుడు జరిగిన రాజీ ఏమిటి? ఒక దేవుణ్ని చంపి, అతని నెత్తురూ మాంసమూ మట్టిలో కలిపి మనిషిని చేశారు. ఇక తట్ట మోసేది మనిషి. అంటే వెట్టి మనిషి పుట్టుకలోనే ఉందని రాజుగారి కాలువ పనికి వచ్చినవాడికి చెప్పడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు. కర్మ అన్నా, దైవలిఖితం అన్నా మన ఊళ్లో వెట్టికి చెప్పిన సాకు ఇలాంటిదే. అయితే ఈ కథలో సాకు పక్కనే ఇంకో మాట మిగిలిపోయింది. పని మోయలేనంత అయితే దేవుళ్లు కూడా పారలు తగలబెట్టారు, అది తప్పని పెద్ద దేవుళ్లు కూడా అనలేకపోయారు. వాళ్ల మీద మోపిన బరువు నిజంగా ఎక్కువేనని వాళ్లే ఒప్పుకున్నారు.

కథ చివరికి జలప్రళయం వస్తుంది. మనుషులు మునిగిపోయాక దేవుళ్లకు నైవేద్యం పెట్టే దిక్కు లేదు, ఆకలితో అల్లాడిపోయారు. బతికి బయటపడిన ఒక్కడు పొయ్యి వెలిగించి నివేదన పెడితే ఈగల్లా మూగారు. పండించేవాడు లేకపోతే పైనున్నవాళ్ల గతి ఏమిటో ఆ కథకుడికి బాగా తెలుసు.

ఇక చట్టాల దగ్గరికి వద్దాం. హమ్మురాబికి ఆరేడు వందల ఏళ్ల ముందు దక్షిణాన లగాష్ అనే నగర రాజ్యం ఉండేది. పక్కనున్న ఉమ్మా రాజ్యంతో దానికి ఒక సరిహద్దు పొలం గురించీ, కాలువ నీళ్ల గురించీ తరాలపాటు యుద్ధం నడిచింది. లగాష్ బార్లీని ఉమ్మావాళ్లు వాడుకున్నారు. దాని మీద వడ్డీ పెరిగి పెరిగి తీర్చడం ఎవరి తరమూ కాని మొత్తమైంది. ఆ గొడవను ఎన్మెతెన అనే రాజు రాయించి పెట్టాడు. వడ్డీ పెరుగుదల గురించి మనకు దొరికిన మొదటి రాతల్లో ఇదొకటి. అదే ఎన్మెతెన తన రాజ్యంలో బాకీలు కొట్టేయించి, తల్లిని బిడ్డ దగ్గరికీ బిడ్డను తల్లి దగ్గరికీ చేర్చానని చెప్పుకున్నాడు. ఆ విడుదలకు వాళ్ల భాషలో మాట అమర్గి. దానర్థం తల్లి దగ్గరికి తిరిగిరావడం. అప్పు కింద బిడ్డను పనికి పెట్టి, మళ్లీ ఇంటికి తెచ్చుకోవడాన్నే స్వేచ్ఛ అన్నారు వాళ్లు.

తర్వాత క్రీ.పూ. 2350 ప్రాంతంలో ఉరుకగిన వచ్చాడు. అతని శాసనంలో సంస్కరణల కంటే ముందు ఫిర్యాదుల చిట్టా ఉంది, చదవాల్సింది అదే. పాలకుడి ఉల్లిపాయల మడి దున్నడానికి గుడి ఎద్దుల్ని తోలేవారు. గుడి మాన్యాల్లో మంచి చెక్కలన్నీ పాలకుడి ఉల్లికీ దోసకీ పోయాయి. చనిపోయినవాణ్ని పూడ్చాలంటే ఏడు కుండల బీరు, 420 రొట్టెలు కట్టాలి. ఉరుకగిన దాన్ని మూడు కుండలకూ 80 రొట్టెలకూ దించాడు. పూర్తిగా ఎందుకు తీసేయలేదని అడగొచ్చు. ఎవరి కూలి వాళ్లకుంటుంది, చేతికొచ్చిన మామూలు ఎవరూ ఊరికే వదులుకోరు. విధవనూ అనాథనూ బలవంతుడి చేతిలో పడనివ్వనని అతను నింగిర్సు అనే దేవుడితో ఒప్పందం చేసుకున్నానన్నాడు. చట్టానికి దేవుణ్ని సాక్షిగా నిలబెట్టడం ఆ కాలపు పద్ధతి. పదేళ్లు కూడా నిలవకుండానే ఉమ్మా రాజు వచ్చి లగాష్‌ను తగలబెట్టాడు.

హమ్మురాబి పేరు మీరు బడి పుస్తకాల్లో విని ఉంటారు. క్రీ.పూ. 1792 నుంచి 1750 దాకా బాబిలోన్‌ను ఏలాడని లెక్క. కంటికి కన్ను అన్న ఒక్క ముక్కే అతని గురించి అందరికీ గుర్తు. నిజానికి ఆ శిలలో రైతుకు పనికొచ్చే ముక్కలు అంతకంటే చాలా ఉన్నాయి. రెండు మీటర్లకు పైగా ఎత్తున్న నల్లరాయి అది. పైన బొమ్మలో సూర్యుడు షమాష్ కూర్చుని ఉంటాడు, హమ్మురాబి ఎదురుగా నిలబడి ఉంటాడు. వాళ్లకు న్యాయదేవత సూర్యుడే, పైనుంచి అన్నీ చూస్తాడు కనుక. కింద దాదాపు 280 నిబంధనలు. శతాబ్దాల తర్వాత ఈలం రాజు ఆ రాయిని దోపిడీ సొమ్ముతో పాటు సూసాకు ఎత్తుకుపోయాడు. 1901-02 చలికాలంలో ఫ్రెంచివాళ్లు అక్కడ తవ్వి తీశారు. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

ఆ నిబంధనల్ని మన మాటల్లో చెప్పుకుందాం. గట్టు పటిష్టం చేసుకోవడంలో ఒకడు అశ్రద్ధ చేసి, గట్టు తెగి అందరి పొలాలూ కొట్టుకుపోతే, పోయిన గింజలు వాడే కట్టాలి. కట్టలేకపోతే వాణ్నీ వాడి సొమ్మునూ అమ్మి, నష్టపోయిన రైతులు పంచుకోవాలి. కఠినమే, కాని నష్టపరిహారం ఎవరికి చేరాలన్న విషయంలో అనుమానం లేదు. ఎవరి పంట పోయిందో వాళ్లకి.

కౌలు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పొలం కౌలుకిచ్చిన ఆసామి కౌలు ముందే పుచ్చుకున్నాక అదద్ దేవుడు వరద తెస్తే, నష్టం కౌలుదారుదే. అదద్ అంటే వాళ్ల వానదేవుడు. కౌలు ఇంకా పుచ్చుకోలేదు, సగం పాలుకో మూడో పాలుకో ఇచ్చాడనుకోండి, అప్పుడు మిగిలిన గింజల్నే ఆ వంతుల ప్రకారం ఇద్దరూ పంచుకోవాలి. అంటే ముందస్తు కౌలు కట్టినవాడు ఒంటరిగా మునుగుతాడు, పాలుకు చేసినవాడితో ఆసామి కూడా మునుగుతాడు. నాలుగు వేల ఏళ్లయినా ఈ తేడా మారలేదు. డెల్టాలో కౌలు ముందే చెల్లించి సేద్యం చేసేవాళ్లు ఇక్కడ చాలామందే కూర్చున్నారు.

అప్పుల దగ్గరికి వస్తే, గింజల అప్పు మీద వడ్డీ మూడో వంతు, వెండి అప్పు మీద అయిదో వంతు మించరాదు. మన లెక్కలో ఏడాదికి నూటికి 33, నూటికి 20. గింజల వడ్డీ అంటే నెలకు సుమారు రెండు రూపాయల ముప్పావలా. కోత దాకా ఇచ్చిన నాగు గింజలకే మూడో వంతు గుంజితే ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ వడ్డీని మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. పై హద్దంటూ ఒకటి గీశారు, అది చెప్పాలి. చిన్న తూకంతో ఇచ్చి పెద్ద తూకంతో పుచ్చుకున్న వ్యాపారి ఇచ్చిన అప్పంతా వదులుకోవాలి. అప్పిచ్చినవాడు రైతుకు చెప్పకుండా గాదెలోంచో కళ్లం మీదినుంచో గింజలు తీసుకుంటే, ఆ గింజలు తిరిగివ్వాలి, ఇచ్చిన అప్పు కూడా పోయినట్టే. బాకీ కింద ఎద్దును తోలుకుపోతే ఎదురు జరిమానా వెండిలో కట్టాలి. పెళ్లాన్నో బిడ్డనో బాకీ కింద పనికి పెడితే మూడేళ్లు, నాలుగో ఏట విడుదల.

వీటన్నిటిలోకీ మనం గుర్తుపెట్టుకోవలసింది 48వ నిబంధన. అప్పున్న రైతు పొలం వరదకు కొట్టుకుపోయినా, నీళ్లు లేక గింజ పండకపోయినా, ఆ ఏడు అతను అప్పిచ్చినవాడికి గింజలు కొలవనక్కర్లేదు. తన పలకను నీళ్లతో తడుపుతాడు. ఆ ఏటికి వడ్డీ లేదు. అప్పు పత్రం మట్టి పలక కదా, తడిపితే మెత్తబడుతుంది, రాసుకున్న షరతు ఆ ఏటికి చెల్లదు. ఇందులో వాయిదా ఉంది, వడ్డీ రద్దు ఉంది. దేహీ అని ఎవరినీ అడగనక్కర్లేదు, కరువు వచ్చిందంటే చాలు.

ఇది చెప్పి హమ్మురాబిని పేదల దేవుణ్ని చేయబోవడం లేదు. ఆ రాతిలోనే పెద్దమనిషికి ఒక న్యాయం, సామాన్యుడికి ఒకటి, బానిసకు ఒకటి. పొలం చూడమని పెట్టిన పనివాడు విత్తనం దొంగిలిస్తే చెయ్యి నరకమని ఉంది. అదీగాక, ఆ కాలపు కోర్టు పలకలు వేలకొద్దీ దొరికినా వాటిలో ఈ నిబంధనల్ని ఎత్తిచూపి తీర్పు చెప్పినవి దాదాపు కనిపించవు. రాజు తన కీర్తి కోసం చెక్కించుకున్నాడనే పండితులూ ఉన్నారు. చట్టం రాయి మీద ఉండటం వేరు, చావడి దాకా రావడం వేరు. ఈ మాట మనకు కొత్త కాదు.

రాయి మీది మాట సంగతి ఎలా ఉన్నా, నిజంగా అమలయిందని రుజువులున్నది ఇంకొకటి ఉంది. దాని పేరు మిషారుం. కొత్త రాజు గద్దెనెక్కినప్పుడు, కొన్నిసార్లు మధ్యలోనూ, పాత బాకీలు రద్దు చేసే ప్రకటన అది. హమ్మురాబి రెండో ఏటికి దేశంలో న్యాయం నెలకొల్పిన ఏడు అనే పేరే పెట్టారు. అతని కొడుకు సంసుఇలున రాసిన ఉత్తరం ఒకటి దొరికింది. నాన్నకు జబ్బు చేసింది, నేను గద్దె మీద కూర్చున్నాను, బకాయిలు కొట్టేశాను, అప్పు పలకలు పగలగొట్టించాను అని అందులో సారాంశం. నాలుగో తరం వారసుడు అమ్మిసదుక క్రీ.పూ. 1646 ప్రాంతంలో ఇచ్చిన ప్రకటన చాలావరకు చదవడానికి వీలుగా మిగిలింది.

దానిలోని తెలివి చూడండి. రాజుకు రావలసిన శిస్తు బకాయిలు రద్దు. తిండికీ బతకడానికీ చేసిన గింజల అప్పు, వెండి అప్పు రద్దు. వ్యాపార భాగస్వామ్యం కోసం తీసుకున్న సొమ్ము మాత్రం రద్దు కాదు, తీర్చాల్సిందే. అప్పును అప్పని రాయకుండా అమ్మకమనో, దాచమని ఇచ్చిన సొమ్మనో రాయించుకుంటే, సాక్షులు వచ్చి నిజం చెబితే ఆ పలక చెల్లదు. బలవంతంగా ముందే వసూలు చేసుకున్నవాడు తిరిగివ్వాలి, ఇవ్వకపోతే ప్రాణం తీస్తారు. కల్లుకొట్టు నడిపే ఆడమనిషి అరువిచ్చిన బీరు డబ్బులు కూడా వసూలు చేయరాదు. ఈ చివరిదానికి ఇక్కడ కొందరు నవ్వుతున్నారు, నవ్వండి. అప్పు కింద పనికి వెళ్లినవాళ్లు ఇళ్లకు వచ్చేయొచ్చు. పుట్టు బానిసలకు మాత్రం ఆ విడుదల లేదు, అది కూడా స్పష్టంగా రాశారు.

రైతును రైతుగా ఉంచడం మీద రాజుకు ఇంత ప్రేమ ఎందుకు? లెక్క చాలా మామూలుది. అప్పులోపడ్డ రైతు వడ్డీవ్యాపారి పొలంలో పనిచేస్తాడు. ఇక రాజు కాలువ పూడిక ఎవరు తీయాలి, సైన్యంలోకి ఎవరు పోవాలి, శిస్తు ఎవరు కట్టాలి? రైతు చెమట కోసం రాజూ షావుకారూ పోటీపడ్డారు, మధ్యలో రైతుకు ఊపిరి ఆడింది. చదివినంతలో మాకు అర్థమైంది ఇదే. దీన్ని ధర్మం అనాలంటే అనొచ్చు, షమాష్ పేరు మీదే చేశారు కూడా.

షావుకార్లు ఊరుకున్నారా? మిషారుం తర్వాత ఇచ్చిన అప్పు సుమా అని పత్రాల్లో ముందే రాయించుకోవడం మొదలుపెట్టారు. తన కొనుగోలు పలకను అధికారులు అన్యాయంగా పగలగొట్టారని ఒకాయన పెట్టుకున్న అర్జీ సిప్పర్ పట్నంలో దొరికింది. అర్జీలు పెట్టేంతగా అమలయిందంటే ఉత్తి ప్రచారం కాదన్నమాట. ఇంకో సంగతి. మనం ఇందాక చెప్పుకున్న దేవుళ్ల సమ్మె కథ, దాని ప్రధానమైన ప్రతిని ఒక లేఖకుడు ఎత్తిరాసింది ఈ అమ్మిసదుక కాలంలోనే. సమ్మె పురాణమూ రుణమాఫీ ప్రకటనా ఒకే రాజు కింద, ఒకే రకం మట్టి మీద.

ఇతర దేశాల్లోనూ ఇది జరిగింది, క్లుప్తంగా చెబుతాం. క్రీ.పూ. 594లో ఏథెన్స్‌లో సోలోన్ బరువు దింపడం పేరుతో అప్పులు కొట్టేసి, మనిషిని తాకట్టు పెట్టి అప్పు ఇవ్వడాన్ని నిషేధించాడు. యూదుల ధర్మశాస్త్రం ఇంకో అడుగు వేసింది. ఏడో ఏట అప్పు విడుదల, యాభయ్యో ఏట భూమి పాత కుటుంబానికి. రాజు దయతో పనిలేదు, క్యాలెండరే చెబుతుంది. కాగితం మీద ఇదే అన్నిటికంటే మేలైనది, ఆచరణలో ఎంత నడిచిందన్నది వాదం.

మన దగ్గర కౌటిల్యుడి అర్థశాస్త్రం ఉంది. న్యాయమైన వడ్డీ నెలకు నూటికి ఒకటింబావు అన్నాడు. రైతును పని కాలంలో బాకీ కింద పట్టుకోకూడదన్నాడు, రాజోద్యోగిని కూడా. తనకు తెలియని మొగుడి అప్పుకు పెళ్లాన్ని పట్టుకోరాదన్నాడు. అక్కడే ఒక మినహాయింపు పెట్టాడు. పశువులు కాసేవాడి పెళ్లానికీ పాలుకు దున్నేవాడి పెళ్లానికీ ఈ రక్షణ లేదు. ఆ వాక్యం దగ్గర మనం కాసేపు ఆగాలి. ఇంటిల్లిపాదీ పనిచేసే కుటుంబంలో అప్పు కూడా ఇంటిల్లిపాదిదే అయింది. మగవాడు పురుగుమందు తాగి పోయాక ఇంటికొచ్చిన అప్పులవాళ్లను ఎదుర్కొన్న ఆడవాళ్లు ఈ గదిలో ఉన్నారు.

ఇప్పుడు మన చట్టాలు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం డిక్రీ వచ్చినా సేద్యగాడి పనిముట్లు, సేద్యానికి కావలసిన పశువులు, విత్తనాలు జప్తు చేయకూడదు. హమ్మురాబి ఎద్దు ఇంకా బతికే ఉంది. ట్రాక్టర్ సంగతి వేరు, దాని మీదే అప్పు రాసిచ్చి తెచ్చుకుంటాం. 1938లో మద్రాసు ప్రభుత్వం చేసిన వ్యవసాయదారుల రుణ విమోచన చట్టంతో కోస్తా, రాయలసీమ రైతుల పాత వడ్డీలు తగ్గాయి. తెలంగాణలో 2016లో చిన్నరైతులు, కూలీలు, చేతివృత్తులవారి కోసం రుణ విమోచన కమిషన్ చట్టం చేశారు. 2008లో కేంద్రం మాఫీ చేసింది. 2014లోనూ ఆ తర్వాతా రాష్ట్రాలు చేశాయి. బ్యాంకు అప్పున్నవాడికి దక్కింది, ప్రోనోటు మీద మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడికి దక్కలేదు. అమ్మిసదుక ప్రైవేటు అప్పును కూడా చూశాడు, మన మాఫీలు చూడనిది దాన్నే.

మిషారుం కావాలని మనం ధర్నాలు చేశాం, అవసరమైతే ఇంకా చేస్తాం. కాని అది కొత్త రాజు వచ్చినప్పుడు దొరికేది. ఎన్నికలను బట్టి వచ్చి, ఎన్నికలను బట్టి పోతుంది. మన సంఘం పట్టుబట్టాల్సింది 48వ నిబంధన లాంటిదాని మీద. ఇప్పుడు కరువు మండలం ప్రకటించి, పంట నష్టం 33 శాతం దాటిందని తేలితే బ్యాంకు అప్పును రీషెడ్యూల్ చేస్తుంది. రీషెడ్యూల్ అంటే గడువు జరుగుతుంది, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పలక తడవదు. కౌలురైతుకు అదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం రుణ అర్హత కార్డన్నది, 2019 చట్టం వచ్చి యజమాని సంతకం ఉంటేనే కార్డన్నది. సంతకం పెట్టే ఆసామి ఎంతమందికి దొరికాడో మీ ఊరి లెక్క మీకే తెలుసు. పంట కౌలురైతుది మునిగితే పరిహారం పట్టాదారు ఖాతాలో పడుతోంది. ఎవరి గింజలు పోయాయో వాళ్లు పంచుకోవాలన్న పాత మాటకు ఇది ఎంత దూరం?

మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు పనులున్నాయి. బ్యాంకు నుంచో కోర్టు నుంచో నోటీసులు వచ్చినవాళ్లు వాటిని తీసుకుని ముందు వరుసలో కూర్చోండి, 60వ సెక్షన్ ఎవరికి వర్తిస్తుందో ఒక్కొక్కటే చూద్దాం. ప్రైవేటు అప్పుల లెక్క ఊరివారీగా రాసుకురమ్మన్నాం. ఎంత తెచ్చారు, ఎంత వడ్డీ, ప్రోనోటు మీద అసలెంత వేశారు, ఈ మూడూ ఉండాలి. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టించుకున్నవి, అప్పుకు భూమి అమ్మకం కాగితం రాయించుకున్నవి వేరుగా పెట్టండి. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు కమిషన్‌కు పెట్టే అర్జీ నమూనా బల్ల మీద ఉంది, తీసుకోండి.